ఎర్రచుక్క బేరింగు

బండి పేరు బేతేలు. గుంపులో రెండవది. మనుషులు ఇద్దరు: సువార్త, వయసు యాభై నాలుగు, చెల్లెలు ఎస్తేరు, నలభై ఆరు. ఈ దారి పుస్తకం రాసేది సువార్త. ఆగిన బండికి సాయం చేయడానికి వచ్చినవారు పాన పట్టుకునే ముందు ఇది అడిగి చదవవచ్చు. దాచకూడదు. అది దారి పద్ధతి.

ఆగిన మొదటి రోజు. ఆదివారం.

మార్కాపురం పలకల గుట్టల దగ్గర వెనక ఎడమ చక్రం పట్టేసింది. ఉదయం తొమ్మిదిన్నర. ఎస్తేరు నడుపుతోంది. నేను వెనక మోకాళ్ళ మీద ఉన్నాను. ఆదివారం నేను పని ముట్టుకోను.

హబ్బు మీద నీళ్ళు చల్లితే ఆవిరి లేచింది. గ్రీజు మాడిన వాసన.

చక్రం మూలుగు గురువారం నుంచి వినపడుతోంది. ఎస్తేరు ముందు కూర్చుంటుంది, ఆమెకు అంతగా వినపడదు. నేను విన్నాను. చెప్పలేదు. ప్రార్థన చేసుకున్నాను.

మిగిలిన తొమ్మిది బండ్లూ ఆగాయి. గుంపు పెద్ద చెంచురామయ్య దిగి వచ్చి చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊపి చూశాడు.

"బేరింగు పోయింది పెద్దక్కా. గుంపు బేరింగు మీ డబ్బాలోనే గదా ఉండేది. దాన్ని ఏడో బండికి ఇచ్చేస్తిరి. ఇంకోటి యాడ తెచ్చేది?"

"అవును," అన్నాను.

"ఇచ్చినోళ్ళకే ఇట్టా వచ్చె. ఏం న్యాయమో ఇది."

ఆడవాళ్ళు ఇద్దరు వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. నేను విడిపించుకోలేదు.

గుంపులో ప్రతి బండీ అందరి కోసం ఒక వస్తువు మోస్తుంది. మొదటి బండి బెల్టు, మూడవది ఫ్యూజులు, అట్లా. మాకు చక్రం బేరింగు. ఇంత పాత బండ్లకు ఇవి ఎవరూ కొత్తగా చేయడం లేదు. గుంపు వస్తువు మీద ఎర్ర రంగు చుక్క ఉంటుంది. కూడికలో అడిగి, అందరూ సరేనన్న తర్వాతే వాడాలి.

మంగళవారానికి కంభంలో నీళ్ళ వంతు ఉంది. తప్పితే మళ్ళీ నెల. గుంపు ఆగడానికి లేదు. మాకు నాలుగు క్యాన్ల నీళ్ళు వదిలి మూడు గంటలకు వెళ్ళిపోయారు. సాయం కావాలన్న గుర్తుగా ఎస్తేరు అద్దానికి తెల్లగుడ్డ కట్టింది.

లెక్కపిట్ట, ఆగిన బండ్లకు రోజులు లెక్కపెట్టే యంత్రం, మధ్యాహ్నమే వచ్చింది. బండి పైన గాలిలో నిలబడి, నంబరు చూసుకుని, ఒకసారి కూసి పోయింది. రేపు రెండుసార్లు కూస్తుంది. తొమ్మిది కూతలైన రోజు బండిని బందెలదొడ్డికి లాక్కుపోతారు. అక్కడ పిండి చేస్తారు. మనుషులను మేడల్లో పెడతారు. యాభై దాటినవాళ్ళు ముసలివాళ్ళ మేడ, దాటనివాళ్ళు పనివాళ్ళ మేడ. రెండింటికీ మధ్య నూట ఎనభై కిలోమీటర్లు.

అమ్మ పోయినప్పుడు ఎస్తేరుకు ఆరేళ్ళు. అప్పటి నుంచి మేమిద్దరం ఒక్కరోజు కూడా ఒకరికొకరు కనపడనంత దూరం పోలేదు, నీళ్ళ వంతుకు తప్ప.

ఆగిన రెండవ రోజు. సోమవారం.

దారిలో పరిచిన రాగి పట్టీ మీద నడిస్తేనే బండికి కరెంటు వస్తుంది. ఇప్పుడు పట్టీకి పక్కన ఉన్నాం. బండి పైన ఎండ పలకల నుంచి వచ్చేది పొయ్యికీ ఫ్యానుకూ సరిపోతుంది. ఉదయం పలకలు తుడిచాను. మంచు వల దులిపితే రెండు చెంబుల నీళ్ళు.

చక్రం విప్పడం ఎస్తేరు మొదలుపెట్టింది. నాన్న చీరాలలో మెకానిక్కు. చీరాల నీళ్ళ కిందకు పోకముందు మా ఇద్దరికీ పని నేర్పాడు. విప్పవద్దు, గుంపు ఇంకో బేరింగు వెదికి పంపేదాకా అట్లాగే ఉంచుదాం అన్నాను.

"విప్పి చూస్తే దానికేమన్నా జ్వరం వస్తదా అక్కా? రోలర్లు పోయినయ్యో, పంజరం పోయిందో తెలవాలి గదా."

పది నిమిషాల తర్వాత పిలిచింది.

"అక్కా. ఇటు రా. దీనికి చుక్క ఉందే."

వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"ఎర్రచుక్క. గుంపు చుక్క. గుంపు బేరింగు మన చక్రంలో ఎందుకుంది?"

గ్రీజు తుడిచి నా ముఖం ముందు పెట్టింది. రోలర్లు నీలం రంగుకు తిరిగాయి. చుక్క మాత్రం ఇంకా ఎర్రగా ఉంది.

"నేనే వేశాను. పోయిన వానల్లో. నువ్వు నీళ్ళ వంతుకు పోయినప్పుడు."

"కూడికలో అడక్కుండానా?"

"అడగలేదు."

"మరి ఏడో బండికి ఇచ్చిందేంది?"

"మనది. అరిగిపోయింది."

"దానికి గూడా చుక్క ఉండెనే."

"నేనే పెట్టాను."

ఎస్తేరు బేరింగును గుడ్డ మీద పెట్టింది.

"చేతిలో పట్టుకుని ప్రార్థన చేసి ఇచ్చినావు గదా అక్కా. అందరి ముందరా. నేను ఆమేన్ అన్నా."

లేచి పలకల గుట్ట వైపు వెళ్ళింది. సాయంత్రం వచ్చింది. మాట్లాడలేదు.

ఆ బేరింగు ఏడవ బండిలో పంతొమ్మిది రోజులు తిరిగింది. నల్లమల ఎక్కేచోట పట్టేసింది. గుంపు రెండు రోజులు ఆగి, నీళ్ళు లేక కదిలింది. ఏడవ బండి నాగూరుది, హుసేనమ్మది. తొమ్మిది కూతలు అయ్యాయని తర్వాత విన్నాం.

ఆగిన మూడవ రోజు. మంగళవారం.

ఈ రోజు పుట లేదు. చింపింది నేనే. ఎందుకో ఏడవ రోజు దగ్గర రాశాను.

ఆగిన నాలుగవ రోజు. బుధవారం.

ఎస్తేరు మాట మానేసింది. గుట్ట నుంచి పలక ముక్కలు ఏరి తెచ్చుకుంది. ఏం చెప్పాలన్నా మేకుతో గీసి నా ముందు పెడుతుంది. "నీళ్ళు మూడు క్యాన్లు." "పప్పులో ఉప్పు వెయ్యలేదు." "నీ కళ్ళద్దాలు సీటు కింద."

నేను నోటితో జవాబు చెప్తాను. ఆమె తల ఊపుతుంది.

పదకొండు గంటలకు ఉప్పు బండి ఒకటి తెల్లగుడ్డ చూసి ఆగింది. నడిపేది ఒక ఆవిడ. మెడలో పాన వేలాడుతోంది. ముఖం నిండా ఉప్పు మచ్చలు.

"ఏమైంది తల్లీ?"

"బేరింగు."

"మా బావ దగ్గర పాత చక్రాలు రెండున్నయి. పట్టుద్దేమో చూద్దాం. పుస్తకం తే అమ్మా, ఒకసారి చూస్తా."

పుస్తకం నా ఒడిలోనే ఉంది. రెండవ రోజు, మూడవ రోజు అందులో ఉన్నాయి.

"మా గుంపు వెనక్కి వస్తోంది," అన్నాను. "ఈ రోజే వస్తారు. మీరు వెళ్ళండి."

"మరి గుడ్డ కట్టినారు గదా."

"తీయడం మరిచిపోయాం."

లేచి గుడ్డ విప్పేశాను. ఆవిడ నన్నూ పుస్తకాన్నీ చూసి బండి ఎక్కింది.

ఎస్తేరు చక్రం దగ్గర కూర్చుని అంతా విన్నది. పలక తీసుకుని గీసి నా పక్కన పెట్టింది.

"ఇది రెండో అబద్ధం."

లెక్కపిట్ట నాలుగుసార్లు కూసింది.

ఆగిన అయిదవ రోజు. గురువారం.

లేచేసరికి తెల్లగుడ్డ మళ్ళీ కట్టి ఉంది.

మోకాళ్ళ మీద కూర్చున్నాను. మాట రాలేదు. నలభై ఏళ్ళుగా రోజూ వచ్చే మాటలు. ఒక్కటీ రాలేదు. కూర్చుని లేచాను.

నీళ్ళు రెండు క్యాన్లు. ఎండ నలభై ఎనిమిది. బండి కింద చాప వేసుకుని పడుకున్నాం. మధ్యాహ్నం ఎస్తేరు పలక జరిపింది.

"ఉంది అని ఎన్నిసార్లు చెప్పావు?"

ప్రతి శనివారం కూడికలో చెంచురామయ్య ఒక్కో బండినీ పిలిచి దాని దగ్గర ఉండే వస్తువును అడుగుతాడు. "ఉంది" అనాలి. పోగొట్టుకుంటే "లేదు" అనాలి. అవసరమైనవారికి ఇచ్చి ఉంటే "ఇచ్చాం" అనాలి. ఇచ్చాం అన్నవారికి అందరూ తల వంచుతారు.

లెక్కపెట్టాను. "ఇరవై ఒక్కసారి," అన్నాను.

ఆమె తుడిచి మళ్ళీ రాసింది. "ఇచ్చాం అని?"

"పన్నెండు."

పలక తిరగేసి తల కింద పెట్టుకుని అటు తిరిగి పడుకుంది.

ఆగిన ఆరవ రోజు. శుక్రవారం.

బండ్లు నాలుగు పోయాయి. మూడు ఆగలేదు. ఒకటి ఆగింది. ఆయన పుస్తకం అడగలేదు. తన దగ్గర బేరింగు లేదన్నాడు, దోసకాయలు రెండు ఇచ్చి వెళ్ళాడు. ఆయన అడగలేదని నాకు నెమ్మది కలిగింది. అది కూడా రాస్తున్నాను.

దోసకాయ పచ్చడి చేశాను. ఎస్తేరు తిన్నది. పలక మీద "బాగుంది" అని గీసింది. కాసేపటికి అది తుడిచేసింది.

ఆగిన ఏడవ రోజు. శనివారం.

పది గంటలకు దొడ్డి వాళ్ళ మూడు చక్రాల బండి వచ్చింది. తొమ్మిది కూతలకు రెండు రోజుల ముందు వచ్చి పసుపు కాగితం అంటిస్తారు. చీర మీద బూడిదరంగు చొక్కా వేసుకున్న మనిషి దిగింది. చేతిలో జిగురు డబ్బా. బండి మీద పేరు చదివి అక్కడే నిలబడిపోయింది.

హుసేనమ్మ.

"సువార్తక్కా. మీరా?"

ఎస్తేరు పరుగెత్తింది. అయిదు రోజుల తర్వాత ఆమె గొంతు విన్నాను.

"వదినా! హుసేనమ్మ వదినా!"

"ఏందే ఇట్టా చిక్కినావు ఎస్తేరూ. పుల్లకి చీర కట్టినట్టున్నావు. మీ అక్క కూడు పెడతందా లేదా?"

"నాగూరన్న యాడ వదినా?"

"ముసలోళ్ళ మేడలో. నన్ను దొడ్డి పనికి ఏసినారు. నెలకొక్కసారి చూపిస్తారు. మధ్యలో అద్దం. ఆయన చెయ్యి ఆపక్క, నా చెయ్యి ఈపక్క." నవ్వబోయి మానుకుంది. "ఊడుస్తా ఉన్నాడు."

"ఊడ్చడమా? నాగూరన్నా? చప్పుడు విని ఏ చక్రమో చెప్పే మనిషి!"

"చెవి పోయిందంట. ఆయనే చెప్పుకున్నాడు. దొడ్డిలో మేస్త్రీ పని ఇస్తామని పిలిచినారు. మేస్త్రీ అయితే నాతో పాటే ఉండొచ్చు. నాకు చెవి లేదు, చెయ్యి లేదు, నన్ను నమ్మమాకండి అని రాసిచ్చినాడు. ఏలిముద్ర గూడా ఏసినాడు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "సరేలే. మీకేమైంది?"

"బేరింగు," అన్నాను.

"ఆ పాడు బేరింగే మమ్మల్నీ తినింది. పుస్తకం తే అక్కా. చూసి కాగితం అంటించాల. నా చేత్తో అంటించాల్సి వచ్చె, చూడు నా రాత."

ఎస్తేరు నా వైపు చూసింది. పలక తీయలేదు.

పుస్తకం లోపల ఉందని చెప్పవచ్చు. తడిసిందని చెప్పవచ్చు. ఆమె నమ్ముతుంది. నేను ఏది చెప్పినా హుసేనమ్మ నమ్ముతుంది.

మూడవ రోజు పుట తెరిచి ఆమె చేతిలో పెట్టాను.

ఆమె పెద్దయ్యాక చదువు నేర్చుకుంది. అక్షరాల కింద వేలు పెట్టి పైకే చదువుతుంది. నేను రాసినది ఆమె గొంతులో విన్నాను.

"'గ్రీజు పెట్టే రోజు ఆదివారం వచ్చింది. ఎస్తేరు పెడతానంది. నేను వద్దన్నాను. సోమవారం గుంపు కదిలింది. అట్లా మూడు సార్లు జరిగింది. బేరింగు అరిగింది. కూడికలో అడిగితే ఎందుకు అరిగిందని అడుగుతారు. నా ఆదివారం వల్ల అరిగిందని చెప్పాలి. పెద్దక్క అని పిలిచేవాళ్ళ ముందు ఆ మాట చెప్పలేకపోయాను.'"

ఆమె ఆగింది. ఊపిరి తీసుకుని మళ్ళీ వేలు పెట్టింది.

"'డబ్బా తెరిచి ఎర్రచుక్క బేరింగు మా చక్రంలో వేశాను. తొందరలో గ్రీజులో ఇసుక పడింది. సరిగా తుడవలేదు. మా పాతదాన్ని కడిగి, చుక్క పెట్టి, డబ్బాలో పెట్టాను. ఇంకొకటి దొరికితే మార్చేద్దాం అనుకున్నాను. వెదకలేదు. ఏడవ బండివాళ్ళు అడిగిన రోజు చెప్పి ఉండవచ్చు. అందరూ చూస్తున్నారు. ప్రార్థన చేసి ఇవ్వు పెద్దక్కా అన్నారు. చేశాను. అరిగినదని తెలిసే నాగూరు చేతిలో పెట్టాను.'"

వేలు చివరి అక్షరం దగ్గరే ఉండిపోయింది.

"ఆయనకి తెలిసింది," అంది చివరికి. "చేతిలోకి తీసుకోంగానే చెవి కాడ పెట్టి తిప్పినాడు. గరగరమందంట. నన్ను పిలిచి, నీకేమన్నా వినపడతందా అని అడిగినాడు. నాకేం తెలుసు, లేదన్నా. అప్పుడన్నాడు. 'సువార్తక్క దేవుడి పేరు మీద ఇచ్చింది. అది చెడ్డది అయ్యేదానికి లేదు. నా చెవే చెడింది హుసేనూ.' అని ఏసేసినాడు."

ఎస్తేరు నేల మీద కూర్చుంది.

నేను నోరు తెరిచాను.

"ప్రార్థన చెయ్యమాక," అంది హుసేనమ్మ. "చేసినావంటే లేచి పోతా."

"చెయ్యను."

"క్షమించు అని గూడా అడగమాక. నా దగ్గర లేదిప్పుడు."

"అడగను."

ఆమె పుటను వేళ్ళ మధ్య పట్టుకుని చూసింది.

"ఈ కాగితం నాకియ్యి, సువార్తమ్మా."

నన్ను ఆమె ఎప్పుడూ అట్లా పిలవలేదు.

"బుధవారం చూపిచ్చే రోజు. అద్దానికి ఆనిచ్చి పెడతా. చదువుకుంటాడు. ఆయన చెవి మంచిదేనని నేను చెప్తే నమ్మట్లేదు. పెళ్ళాన్ని గదా, ఓదారుస్తా ఉన్నా అనుకుంటాడు. నీ చేతి రాత అయితే నమ్ముతాడు. నువ్వు చెప్తే ఏదైనా నమ్ముతాడు గదా."

పుట చింపిన పుస్తకాన్ని దారి మీద దొంగ పుస్తకం అంటారు. అది ఉన్న బండిని ఏ గుంపూ పక్కన నిలుపుకోదు. హుసేనమ్మకూ తెలుసు. అడిగి నా ముఖం చూస్తోంది.

కుట్టు దగ్గర గోటితో గీసి, జాగ్రత్తగా చింపి ఇచ్చాను. మడత పెట్టి చొక్కా జేబులో పెట్టుకుంది. తర్వాత జిగురు రాసి పసుపు కాగితం మా తలుపు మీద అంటించింది. నాలుగు మూలలూ అరచేత్తో నొక్కింది. ఎస్తేరు తల మీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది.

ఏడు కూతలు.

ఆగిన ఎనిమిదవ రోజు. ఆదివారం.

ఉదయం ఏడింటికి మళ్ళీ వచ్చింది. బండి ఆపి దిగలేదు. ఎస్తేరును పిలిచి ఒక గుడ్డ మూట అందించింది.

ఎస్తేరు విప్పింది. బేరింగు. పాతదే, కానీ రోలర్లు మెరుస్తున్నాయి.

"ఎవరిది వదినా?"

"మాదే. కుడి పక్కది. దొడ్డిలో ఇంకా నిలబెట్టే ఉంచినారు. శుక్రవారం పిండి చేస్తారంట. ఇంక దానికి చక్రాలెందుకు."

"వదినా, ఇది తీసుకుంటే మీ బండి..."

"ఇన్నాళ్ళూ ఎట్టనో ఒకట్ట తెచ్చుకుందామని దాని అద్దాలు తుడిచేదాన్ని. నిన్న సాయంత్రం విప్పినా. నేనే విప్పినా, ఆయన చెప్పినట్టే, సుత్తి తగలకుండా." అప్పుడు నా వైపు చూసింది. "ఇది నీకు గాదు. ఎస్తేరుకి. ముసలోళ్ళ మేడ, పనోళ్ళ మేడ ఎట్టుంటదో నాకు తెలుసు. దీనికొద్దు."

"హుసేనమ్మా," అన్నాను.

"తెల్లగుడ్డ కట్టి ఉంది. ఆగినా. అంతే."

దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. కృతజ్ఞత చెప్పే అవకాశం ఇవ్వలేదు.

ఈ రోజు ఆదివారం. చీర ఎగకట్టి చక్రం దగ్గర కూర్చున్నాను. ఎస్తేరు నన్ను చూసి పాన అందించింది.

హబ్బును కిరసనాయిలుతో కడిగాను. రెండవసారి కడిగాను. గ్రీజు డబ్బా మూత తీస్తుండగా ఎస్తేరు నాతో మాట్లాడింది.

"ఇసుక."

మూడవసారి కడిగాను. తెల్లటి గుడ్డతో తుడిచి గుడ్డ ఆమెకు చూపించాను. ఆమె దాన్ని ఎండలో పెట్టి చూసి తల ఊపింది. అప్పుడు గ్రీజు అరచేతిలోకి తీసుకుని రోలర్ల మధ్యకు నొక్కాను, నాన్న నేర్పినట్లు, అవతలి పక్క నుంచి బయటకు వచ్చేదాకా. మధ్యాహ్నం లెక్కపిట్ట వచ్చి ఎనిమిదిసార్లు కూసింది. నేను తల ఎత్తలేదు. ఒంటిగంటకు చక్రం ఎక్కింది.

మోకాళ్ళ మీద కూర్చోలేదు. పని చేస్తున్నంతసేపూ నా పెదవులు కదులుతున్నాయని ఎస్తేరు చెప్పింది. ఏం అన్నానో నాకు తెలియదు.

తొమ్మిదవ రోజు. సోమవారం.

ఆరింటికి బయలుదేరాం. రాగి పట్టీ మీదకు ఎక్కగానే మీటరు కదిలింది. పసుపు కాగితం తలుపు మీదే ఉంది. గీకినా రాదు.

మధ్యాహ్నం లెక్కపిట్ట పైకి వచ్చింది. కాసేపు మాతో పాటు ఎగిరి, కూయకుండా వెళ్ళిపోయింది.

ఎస్తేరు అడిగింది. "గుంపుకి ఏం చెప్తావు? బేరింగు యాడిది అంటారు గదా."

"ఉన్నది చెప్తాను."

"పుట లేదు గదా. చదివేదానికి."

"నోటితో చెప్తాను."

"నన్ను చెప్పమంటావా?"

"వద్దు."

మలుపు దాటాక అంది. "నాకన్నా చెప్పి ఉండొచ్చు గదక్కా. అప్పుడు. నేనేమన్నా కొట్టేదాన్నా?"

"నువ్వు కూడా పెద్దక్క అనే చూసేదానివి," అన్నాను.

ఆమె రోడ్డు వైపు చూస్తూ నడిపింది.

పద్నాలుగవ రోజు. శనివారం.

గిద్దలూరు దగ్గర గుంపును కలిశాం. దూరం నుంచి చూసి చప్పట్లు కొట్టారు. బండి దిగకముందే ఎవరో మజ్జిగ తెచ్చారు. నేను గ్లాసు తీసుకోలేదు. సాయంత్రం అయిదింటికి కూడిక. బండ్లు గుండ్రంగా నిలిపి మధ్యలో అందరూ కూర్చున్నారు. చెంచురామయ్య మా రాక గురించి నాలుగు మంచి మాటలు చెప్పి పిలుపు మొదలుపెట్టాడు.

"ఒకటో బండి. బెల్టు?"

"ఉంది."

"రెండో బండి. చక్రం బేరింగు?"

అందరూ నా వైపు తిరిగారు. తల వంచడానికి సిద్ధంగా ఉన్నారు.

నిలబడ్డాను.

"ఇవ్వలేదు," అన్నాను.

పిలుపులో ఆ జవాబు లేదు. చెంచురామయ్య చేతిలో జాబితా పట్టుకుని చూస్తున్నాడు. నేను చెప్పాను. ఆదివారం గ్రీజు దగ్గర నుంచి. చుక్క. ప్రార్థన. నాగూరు చెవి. ఉప్పు బండి. కుడి పక్క బేరింగు. చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎనిమిది నెలలు మోసినది అంత చిన్నదిగా ఉంది.

అయిదవ బండి కోటమ్మ లేచింది. డెబ్బై ఏళ్ళ మనిషి.

"నా మనవరాలికి పురుడు కష్టమైతే నీ చేతే గదమ్మా నెత్తిన చెయ్యి పెట్టిచ్చుకున్నా. ఆ చెయ్యేనా?"

"ఆ చెయ్యే," అన్నాను.

ఆమె కూర్చుంది. ఎవరో తుపుక్కున ఊశారు. నా మీద కాదు, పక్కకు.

చెంచురామయ్య పుస్తకం అడిగాడు. తెరిచి, చింపిన అంచు మీద వేలు పెట్టాడు.

"ఈ పుట యాడ?"

"నాగూరు దగ్గర. చేరి ఉంటే."

ఆయన పుస్తకం మూసి నా చేతికే ఇచ్చాడు. "ఇంక మీరు ఏమీ మోయబల్లేదు. డబ్బా తెచ్చి ఈడ పెట్టండి. మీ బండి చివర నడుస్తది." నన్ను పెద్దక్కా అనలేదు. ఎస్తేరు లేచి వెళ్ళి ఖాళీ డబ్బా తెచ్చి మధ్యలో పెట్టింది. వచ్చి నా పక్కనే కూర్చుంది.

"మూడో బండి. ఫ్యూజులు?"

"ఉన్నయి."

పిలుపు సాగింది. నాలుగు. అయిదు. ఆరు. రెండున్నర నెలలుగా ఆరు తర్వాత ఎనిమిదే పిలుస్తున్నాడు. ఈ రోజు జాబితా చూసి ఆగాడు.

"ఏడో బండి," అన్నాడు.

ఎవరూ పలకలేదు. ఎవరైనా పలుకుతారేమో అన్నట్లు ఆయన నిలబడ్డాడు. పిల్లలు కూడా కదలలేదు. నేను నేల వైపు చూస్తున్నాను. తర్వాత ఎనిమిది పిలిచాడు.

కూడిక చివర ప్రార్థన కోటమ్మ చేసింది. అలవాటు లేక మధ్యలో రెండుసార్లు ఆగింది. ఆమేన్ అన్నాను. నా గొంతు మిగిలినవాళ్ళతో కలిసింది.

బండిని వెనక్కి తెచ్చి చివర నిలిపాం. రేపటి నుంచి తొమ్మిది బండ్ల దుమ్ము మాది. ఎస్తేరు దిగి ఎడమ చక్రం దగ్గర గొంతుకూర్చుని హబ్బు మీద అరచెయ్యి పెట్టింది. నా చెయ్యి పట్టి లాగి అదే చోట పెట్టింది.

చల్లగా ఉంది.